ఎంఎస్‌ఎఫ్‌లో చేరమంటున్నారు... నాన్న వద్దంటున్నారు

ప్రశ్న: మేడమ్ గారికి సలాం. మాది నంద్యాల దగ్గర ఒక ఊరు. నాన్న టైలర్. నేను హైదరాబాద్‌లో ఒక సెంట్రల్ యూనివర్సిటీలో ఎంఏ మొదటి సంవత్సరం చదువుతున్నాను. అడ్మిషన్ అప్పుడు టెన్త్ మెమోలో ‘ఎస్‌.కె.’ అనీ, ఆధార్‌లో ‘షేక్’ అనీ ఉందని నా ఫైలు పక్కన పెట్టేశారు. నాకు అక్కడ తెలిసినవాళ్ళు ఎవరూ లేరు. ఇద్దరు కేరళ సీనియర్లు వచ్చి అఫిడవిట్ రాయించి, నాతో పాటు ఆఫీసులో మధ్యాహ్నం దాకా నిలబడి పని పూర్తి చేయించారు. వాళ్ళు ముస్లిం స్టూడెంట్స్ ఫెడరేషన్ (ఎంఎస్‌ఎఫ్) వాళ్ళని తర్వాత తెలిసింది. ఇప్పుడు నన్ను సభ్యత్వం తీసుకోమంటున్నారు, రాబోయే యూనియన్ ఎన్నికల్లో కౌన్సిలర్‌గా నిలబడమంటున్నారు. నాన్నకు చెబితే రెండు రోజులు సరిగా మాట్లాడలేదు. ‘మన పేరు పెట్టుకున్న సంఘం అంటేనే పోలీసుల కన్ను పడుతుంది, మనకెందుకమ్మా’ అంటున్నారు. నా రూమ్మేట్ మంచి పిల్లే, కానీ ‘మతం పేరుతో సంఘం ఏంటి, ఎస్‌ఎఫ్‌ఐలోనో ఎన్‌ఎస్‌యూఐలోనో చేరొచ్చుగా’ అంటుంది. మా పెద్దమ్మ కొడుకేమో ‘వీళ్ళది ఓట్ల రాజకీయం, దీన్ (ధర్మం) కావాలంటే స్టూడెంట్స్ ఇస్లామిక్ ఆర్గనైజేషన్ (ఎస్‌ఐఓ) వాళ్ళ దగ్గరికి వెళ్ళు’ అంటున్నాడు. నిజంగా వీళ్ళు మైనారిటీల కోసం ఏమైనా చేస్తారా? నాకు గవర్నమెంట్ ఉద్యోగం కావాలి. దానికి అడ్డమవుతుందా? మీ ఇంట్లో అమ్మాయి అనుకుని చెప్పండి.
– పేరు రాయొద్దు, నంద్యాల జిల్లా

జవాబు: మా ఇంట్లో అమ్మాయి అనుకోమన్నావు కాబట్టి ‘నువ్వు’ అనే అంటాను. ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. సభ్యత్వం తీసుకోవాలని నీకనిపిస్తే తీసుకో, అందులో తప్పేమీ లేదు. ఎన్నికల్లో మాత్రం ఈ ఏడాది నిలబడొద్దు. ఇంకొక మాట కూడా ఉంది. అఫిడవిట్ రాయించి పెట్టారన్న కృతజ్ఞతతో మాత్రం చేరకు. వాళ్ళు చేసింది మంచి పని, దానికి థ్యాంక్స్ చెప్పు, టీ ఇప్పించు. సభ్యత్వం వేరే సంగతి.

సంబంధం చూసేటప్పుడు పిల్లవాడినే కాదు, ఇంటినీ చూస్తాం కదా. ఎంఎస్‌ఎఫ్ విషయంలోనూ ముందు ఇంటిని చూడు. అది విడిగా పుట్టిన సంఘం కాదు. ఇండియన్ యూనియన్ ముస్లిం లీగ్ అనే పార్టీకి విద్యార్థి విభాగం. దేశ విభజన తర్వాత, 1948 మార్చి 10న, ఇక్కడే ఉండిపోయిన నాయకులు మహమ్మద్ ఇస్మాయిల్ నాయకత్వంలో మద్రాసులో ఆ పార్టీని పెట్టారు. పేరులో ‘లీగ్’ ఉంది కాబట్టి పాకిస్తాన్ కావాలన్న ఆ పాత లీగే ఇది అని చాలామంది అనుకుంటారు. మీ నాన్నగారి భయంలో ఇది కూడా కొంత ఉండొచ్చు. ఈ పార్టీ డెబ్బై ఏళ్ళకు పైగా రాజ్యాంగం ప్రకారం ఎన్నికల్లో పోటీ చేస్తూ, కేరళలో ప్రభుత్వాల్లో మంత్రి పదవులు చేస్తూ వచ్చింది. ఇప్పుడు కాంగ్రెస్ కూటమిలో ఉంది. 2024 ఎన్నికల్లో మలప్పురం, పొన్నాని, తమిళనాడులోని రామనాథపురం కలిపి లోక్‌సభలో మూడు సీట్లు గెలిచింది.

ఆ పార్టీ నాయకుల్లో సి.హెచ్. మహమ్మద్ కోయా కథ నీకు తెలిసి ఉండాలి, ఎందుకంటే నీ సీనియర్లు ఆయన పేరు రోజుకొకసారైనా తలుచుకుంటూ ఉంటారు. కుర్రతనంలో ముస్లిం విద్యార్థి ఉద్యమంలో పనిచేసి, 1967లో కేరళ విద్యామంత్రి అయ్యారు. ఆయన మంత్రిగా ఉండగానే 1968లో కాలికట్ యూనివర్సిటీ వచ్చింది. 1979లో కొద్ది వారాలు ముఖ్యమంత్రిగా కూడా చేశారు. ఆ యూనివర్సిటీ ఉన్న మలబార్, అంటే ఉత్తర కేరళ, ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా. మీ నంద్యాల కూడా అదే మద్రాసు రాష్ట్రంలో ఉండేది. చదువు దగ్గర దక్షిణాన ఉన్న తిరువాన్కూర్ వాళ్ళ కంటే మలబార్ వాళ్ళు బాగా వెనకబడి ఉండేవాళ్ళు. ఒక యూనివర్సిటీ వస్తే ఆ ప్రాంతంలో తరాలే మారతాయి. నీ హాస్టల్లో అంతమంది మలయాళీ అమ్మాయిలు హైదరాబాద్ దాకా వచ్చి పీజీ చదువుతున్నారంటే, ఆ మార్పులో అలాంటి నిర్ణయాలకూ వాటా ఉంది. గల్ఫ్ డబ్బుకూ ఉంది, మలయాళీల చదువు పిచ్చికీ ఉంది. అంతా పార్టీ ఖాతాలోనే వేయకు.

‘నిజంగా ఏమైనా చేస్తారా’ అని అడిగావు. కేరళలో చేస్తారు. ఉదాహరణకు మలప్పురంలో ప్రతి ఏటా జూన్ వచ్చేసరికి ఒకే గొడవ. టెన్త్ పాసైన పిల్లల సంఖ్యకు సరిపడా ప్లస్ వన్ సీట్లు ఉండవు. ప్లస్ వన్ అంటే మన ఇంటర్ మొదటి ఏడాది. అన్ని సబ్జెక్టుల్లో ఏ ప్లస్ వచ్చిన పిల్లలు కూడా అలాట్‌మెంట్ లిస్టులో పేరు లేక తిరుగుతుంటారు. దక్షిణ కేరళలోనేమో కొన్ని బ్యాచ్‌లలో సీట్లు మిగిలిపోతాయి. ఎంఎస్‌ఎఫ్ వాళ్ళు దీని మీద ఏళ్ళ తరబడి కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్నారు, లాఠీ దెబ్బలు తింటున్నారు. 2024లో గొడవ ఎంత పెద్దదయిందంటే, అప్పుడు అధికారంలో ఉన్న సీపీఎంకు చెందిన ఎస్‌ఎఫ్‌ఐ కూడా మలప్పురంలో రోడ్డెక్కాల్సి వచ్చింది. చివరికి ప్రభుత్వం తాత్కాలిక బ్యాచ్‌లు ఇచ్చింది. తాత్కాలికమే, అందుకే మళ్ళీ ఏడాది మళ్ళీ గొడవ. ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. సీట్లు వస్తే లాభపడేది ముస్లిం పిల్లలొక్కరే కాదు, ఆ జిల్లాలో టెన్త్ పాసైన ప్రతి పిల్లవాడూ. మైనారిటీ డిమాండ్ అని పేరు పెట్టి పక్కన పడేసేవాటిలో చాలా భాగం ఇలాంటివే.

అయితే ఇది మలప్పురం కథ. అక్కడ ధర్నా అయిన సాయంత్రానికి అదే పార్టీ ఎమ్మెల్యే అసెంబ్లీలో లేచి మాట్లాడతాడు. నంద్యాలలో ఎవరు మాట్లాడతారు? మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ పార్టీకి చెప్పుకోదగ్గ బలం లేదు. కాబట్టి హైదరాబాద్ క్యాంపస్‌లో ఎంఎస్‌ఎఫ్ అంటే ప్రధానంగా చదువుకోవడానికి వచ్చిన మలయాళీ విద్యార్థుల సంఘం. వాళ్ళకు ఇక్కడి ముస్లింల సంగతి ఎంత తెలుసు? ఇది తప్పుపట్టడం కాదు, నువ్వు వాళ్ళను అడిగి తీరాల్సిన ప్రశ్న.

నీ ‘ఎస్‌.కె.’ గొడవే తీసుకో. ఇది నీ ఒక్కదానికే వచ్చింది కాదు. రాయలసీమ, గుంటూరు వైపు ముస్లిం పిల్లల సర్టిఫికెట్లలో సగం పీడ ఇదే. స్కూల్లో చేర్చేటప్పుడు హెడ్మాస్టరు గారు ఓపిక లేక ‘ఎస్‌.కె.’ అని రాస్తారు. రేషన్ కార్డులో ‘షేక్’. ఆధార్ సెంటర్ కుర్రవాడు ఇంటిపేరును చివరికి తోసేస్తాడు. తండ్రి పేరు ఉర్దూలో ఒకలాగా, ఇంగ్లీషులో మరోలాగా ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఇంకోలాగా. ఫీజు రీయింబర్స్‌మెంట్ దగ్గర ఆ నాలుగూ కలవాలి. కలవకపోతే ఫైలు పెండింగ్. పెండింగ్ అని స్క్రీన్ మీద చూపిస్తుంది కానీ ఎందుకో చూపించదు. ఆ పిల్ల తండ్రి ఒక రోజు కూలి పోగొట్టుకుని మీసేవకు వస్తాడు, సర్వర్ డౌన్ అంటారు, వెళ్ళిపోతాడు. ఇంటర్ తర్వాత ఆగిపోయిన ఎంతమంది అమ్మాయిల వెనక ఇలాంటి కాగితం ఒకటి ఉందో ఎవరూ లెక్క రాయలేదు. ‘మైనారిటీల పక్షాన గొంతు’ అని పోస్టర్లలో రాస్తారు చూడు, నా దృష్టిలో ఆ గొంతు ముందు వినిపించాల్సింది ఆ కౌంటర్ దగ్గర. నీ సీనియర్లు నీతో పాటు మధ్యాహ్నం దాకా నిలబడ్డారన్నావే, ఆ ఒక్క విషయమే వాళ్ళ మీద నాకు గౌరవం కలిగించింది.

ఇంకా ముందుకు వెళ్తే రిజర్వేషన్. ‘షేక్’ కాబట్టి మీరు బీసీ-ఇ, అంటే వెనకబడిన ముస్లిం వర్గాలకు నాలుగు శాతం ఇచ్చే కోటా కిందికి వచ్చి ఉంటారు. ఆ నాలుగు శాతం ఎలా వచ్చిందో నీకు తెలుసా? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు ఐదు శాతం అంటూ జీవో ఇచ్చింది, హైకోర్టు కొట్టేసింది. 2005లో చట్టం చేశారు, అదీ కొట్టేసింది. ముస్లింలందరినీ కలిపి వెనకబడినవాళ్ళంటే కుదరదని, ఎవరు వెనకబడ్డారో విడివిడిగా చూపించాలని తేలిపోయింది. అప్పుడు రిటైర్డ్ ఐఏఎస్ అధికారి పి.ఎస్. కృష్ణన్ అధ్యయనం చేసి ఇచ్చిన నివేదిక ఆధారంగా 2007లో పధ్నాలుగు వర్గాలతో బీసీ-ఇ పెట్టి నాలుగు శాతం ఇచ్చారు. అచ్చుకట్లవాళ్ళు, అత్తరు సాయిబులు, ఫకీర్లు, గారడీ సాయిబులు, ఖురేషీలు, షేక్‌లు, సిద్దీలు అలా. సయ్యద్, పఠాన్, మొఘల్, ఇరానీ, అరబ్, బోహ్రా లాంటివాళ్ళను పక్కన పెట్టారు. 2010 ఫిబ్రవరిలో హైకోర్టు దాన్ని కూడా కొట్టేస్తే, మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో కొనసాగించమంది. ఆ ఉత్తర్వు నీడలోనే మీ తరం ఇంజనీర్లు, డాక్టర్లు, టీచర్లు తయారయ్యారు. దూదేకుల వాళ్ళు అంతకు ముందు నుంచీ బీసీ-బిలో ఉన్నారు, వాళ్ళ సమస్యలు వేరు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ‘ముస్లిం విద్యార్థులు’ అని ఒక్క మాటలో అనేస్తాం కానీ ఆ మాట కింద ఎన్ని ఇళ్ళున్నాయో చూడు. పఠాన్ల అబ్బాయికి నాలుగు శాతం వర్తించదు. నూర్‌బాషా (దూదేకుల) అమ్మాయిని ఉర్దూ రాదని సాటి ముస్లింలే చిన్నచూపు చూస్తారు. కాదని ఎవరైనా అంటే ఒకసారి పల్నాడు వైపు పెళ్ళిసంబంధాలు మాట్లాడుకునే చోట కూర్చోమను. మలయాళీ సీనియర్లకు ఈ గొడవలు తెలియవు. వాళ్ళ మీటింగుల్లో మాప్పిళల, అంటే కేరళ ముస్లింల, కథలు నువ్వు వింటున్నావు, మీ అచ్చుకట్లవాళ్ళ కథ వాళ్ళు వినాలి కదా. నువ్వు చేరడంలో నాకు కనిపించే అసలు ప్రయోజనం ఇది. తెలుగు ముస్లిం అమ్మాయి ఒకరు ఆ గదిలో ఉంటే, కరపత్రం మలయాళం నుంచి ఇంగ్లీషులోకి మారి అక్కడితో ఆగిపోదు.

జాతీయ స్థాయి సంగతి చూద్దాం. అది అంత ఉత్సాహంగా లేదు. 2006లో ముస్లింల స్థితిగతుల మీద సచార్ కమిటీ నివేదిక వచ్చాక మైనారిటీ విద్యార్థులకు కేంద్ర స్కాలర్‌షిప్‌లు, 2009 నుంచి పీహెచ్‌డీ వాళ్ళకు మౌలానా ఆజాద్ ఫెలోషిప్ వచ్చాయి. 2022 డిసెంబర్‌లో ఆ ఫెలోషిప్‌ను ఆపేస్తున్నట్టు ప్రభుత్వం పార్లమెంటులో చెప్పింది. ఇతర పథకాలతో కలిసిపోతోందన్నది వాళ్ళు చెప్పిన కారణం. ఒక విద్యార్థికి ఒకేసారి రెండు ఫెలోషిప్‌లు ఎలాగూ ఇవ్వరు కాబట్టి ఆ కారణం నాకు అర్థం కాలేదు. అదే ఏడాది ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా ప్రీ-మెట్రిక్ స్కాలర్‌షిప్ కూడా తీసేశారు. ఎంఎస్‌ఎఫ్, ఎస్‌ఐఓ, ఎన్‌ఎస్‌యూఐ, వామపక్ష సంఘాలు అన్నీ రోడ్డెక్కాయి. ఫెలోషిప్ మాత్రం తిరిగి రాలేదు. ఉన్నత విద్య మీద కేంద్రం చేసిన 2020–21 సర్వేలో ముస్లిం విద్యార్థుల వాటా 4.6 శాతం. జనాభాలో వాటా 14.2 శాతం. అంతకు ముందు ఏడాది కంటే దాదాపు 1.79 లక్షల మంది తగ్గారు. మిగతా వర్గాల్లో పెరుగుతుంటే ఇక్కడ తగ్గడం. ధర్నాలతో అన్నీ సాధిస్తారని నీకు ఆశ పెట్టను. కానీ ఆ అంకెను ఎవరో ఒకరు పట్టుకుని అడుగుతూ ఉండకపోతే అది సర్వే పుస్తకంలోనే ఉండిపోతుంది.

నీ రూమ్మేట్ ప్రశ్న దగ్గరికి వస్తాను. ఆ పిల్లను శత్రువుగా చూడకు, అడగాల్సిన ప్రశ్నే అడిగింది. ఆ ఫెలోషిప్ ఆరు మైనారిటీలది. ముస్లింలతో పాటు క్రైస్తవులు, సిక్కులు, బౌద్ధులు, జైనులు, పార్సీలు. కృష్ణా జిల్లా చర్చి పాస్టర్ గారి అమ్మాయి కూడా దాంతో పీహెచ్‌డీ చేయగలిగేది. రాజ్యాంగంలో మైనారిటీల హక్కులకు 29, 30 అధికరణాలున్నాయి, మైనారిటీ కమిషన్ ఉంది, మంత్రిత్వ శాఖ ఉంది. ప్రభుత్వమే ఒక పేరుతో లెక్క రాసుకుంటున్నప్పుడు ఆ పేరుతోనే వెళ్ళి అడగడంలో వింతేముంది? మీ పక్కనే కర్నూలులో ఉస్మానియా కాలేజీ ఉంది. డాక్టర్ అబ్దుల్ హక్ 1947లో పెట్టారు. ముస్లింలు పెట్టిన కాలేజీయే, అన్ని మతాల పిల్లలూ చదువుకున్నారు. ఆ మాట ఆమెకు చెప్పు. అదే సమయంలో ఆమె అన్నదాంట్లో నిజం ఉన్న చోటు కూడా చూడు. హాస్టల్ మెస్ బిల్లు పెరిగినప్పుడు, సూపర్‌వైజర్ వేధించినప్పుడు మతం పేరుతో ఉన్న సంఘం ఒక్కటే ఏమీ చేయలేదు. అక్కడ అంబేడ్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ (ఏఎస్‌ఏ) కావాలి, ఎస్‌ఎఫ్‌ఐ కావాలి, అందరూ కావాలి. 2016 జనవరిలో రోహిత్ వేముల చనిపోయినప్పుడు హైదరాబాద్ యూనివర్సిటీలో ముస్లిం విద్యార్థులు అంబేడ్కర్ విద్యార్థుల పక్కనే కూర్చున్నారు. మీ సీనియర్లు మిగతా సంఘాలతో కలిసి కూర్చుంటారా లేదా అన్నది చూసుకో. కూర్చోకపోతే నీ రూమ్మేట్ మాటే నెగ్గినట్టు.

మీ అన్నయ్య మాట గురించి రెండు ముక్కలు చాలు. ఎస్‌ఐఓ 1982లో మొదలైంది, జమాతే ఇస్లామీ హింద్‌తో ముడిపడిన సంఘం. ఎన్నికల కంటే ధార్మిక అధ్యయనం, క్రమశిక్షణ వాళ్ళకు ముఖ్యం. అమ్మాయిలకు జీఐఓ అని విడిగా ఉంది. చదువు మీద, విద్యా విధానాల మీద వాళ్ళు బాగానే పనిచేస్తారు. కానీ వాళ్ళది మతం గురించి ఒక నిర్దిష్టమైన ఆలోచన, లీగ్ వాళ్ళది వేరు. కేరళలో ఈ రెండు శిబిరాల మధ్య పాత పేచీలున్నాయి. అది నీ సమస్య కాదు. దీన్ కోసం నీకు సంఘం అవసరమా, నమాజు, ఇల్లు, పెద్దలు చాలా అన్నది నువ్వు తేల్చుకో. ‘ఓట్ల రాజకీయం’ అన్నది మాత్రం తిట్టుగా నాకు అనిపించదు. పార్టీ విద్యార్థి విభాగం ఓట్ల రాజకీయం చేయకుండా ఇంకేం చేస్తుంది?

ఇక మీ నాన్నగారు. ఆయన రెండు రోజులు మాట్లాడలేదంటే కోపం కాదు, భయం. ఆ భయం గాలిలోంచి రాలేదు. 2007 మే 18న మక్కా మసీదులో పేలుడు జరిగాక హైదరాబాద్‌లో ఎంతోమంది ముస్లిం కుర్రాళ్ళను పోలీసులు ఎత్తుకెళ్ళారు. చాలామంది తర్వాత నిర్దోషులుగా బయటికొచ్చారు. ప్రభుత్వం పరిహారం కూడా ప్రకటించింది, ఆ పరిహారాన్ని హైకోర్టు కొట్టేసింది. పోయిన చదువులు, చెడిపోయిన సంబంధాలు ఎవరూ తిరిగివ్వలేదు. సిమి అనే విద్యార్థి సంఘాన్ని 2001లో, పాపులర్ ఫ్రంట్‌నూ దాని విద్యార్థి విభాగం క్యాంపస్ ఫ్రంట్ (సీఎఫ్‌ఐ)నూ 2022 సెప్టెంబర్‌లో నిషేధించారు. టైలర్ షాపులో కుట్టు మిషన్ ముందు కూర్చుని పేపర్ చదివే మనిషికి ఎంఎస్‌ఎఫ్, సీఎఫ్‌ఐ, సిమి అన్నీ ఒకేలా వినిపిస్తాయి. అన్నీ అక్షరాలే కదా. కూతురు దూరంగా ఉన్నప్పుడు ఆ తేడా ఎవరు విడమర్చి చెబుతారు?

నువ్వే చెప్పాలి. ఫోన్లో కాదు. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు, షాపులో రద్దీ లేని పూట కూర్చుని చెప్పు. ఇది నిషేధిత సంఘం కాదని, దీని పార్టీ వాళ్ళు లోక్‌సభలో ఉన్నారని, కేరళలో మంత్రులుగా చేశారని చెప్పు. సీనియర్లలో ఒక అమ్మాయి ఫోన్ నంబరు ఆయనకివ్వు. పైకి చెప్పకపోయినా ఆయన ఒకసారి చేసి మాట్లాడతారు చూడు. ధర్నాకు వెళ్ళే ముందు ఇంట్లో చెప్పే వెళ్తానని మాటివ్వు, నిలబెట్టుకో. ఎవరైనా వాట్సాప్ గ్రూపులో చేర్చి ఎవరు పంపారో తెలియని వీడియోలు పంపితే ముందుకు పంపకు. ఏ సంఘమైనా సరే, సభ్యత్వ రశీదు ఇవ్వకుండా, లెక్కలు చూపించకుండా, పేరు చెప్పుకోవడానికి వెనకాడుతూ పనిచేస్తుంటే ఆ రోజే బయటికి రా. మీ నాన్నగారికి కూడా ఈ షరతు చెప్పు. ఆయనకు టెన్షన్ సగం తగ్గుతుంది.

మీ నాన్నగారి భయం కంటే నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకొకటి. అది నీ ఉత్తరంలో లేదు, బహుశా సీనియర్లు నీకు చెప్పి ఉండరు. ఎంఎస్‌ఎఫ్‌లో అమ్మాయిల విభాగం పేరు హరిత. 2021 జూన్‌లో కోళికోడ్‌లో జరిగిన ఒక మీటింగులో ఎంఎస్‌ఎఫ్ రాష్ట్ర నాయకుడొకరు తమను ఉద్దేశించి వేశ్య అన్న పోలిక తెచ్చి అవమానకరంగా మాట్లాడాడని హరిత నాయకురాళ్ళు పార్టీకి ఫిర్యాదు చేశారు. తన మాటను తప్పుగా అర్థం చేసుకున్నారని ఆయన అన్నాడు. పార్టీ పెద్దలు నాన్చారు. పదిమంది అమ్మాయిలు ఆగస్టులో రాష్ట్ర మహిళా కమిషన్‌కు వెళ్ళారు. అప్పుడు పార్టీ ఏం చేసిందో తెలుసా? ఫిర్యాదు వెనక్కి తీసుకోమంది. వాళ్ళు తీసుకోలేదు. సెప్టెంబర్‌లో హరిత రాష్ట్ర కమిటీనే రద్దు చేసింది. ఆ అమ్మాయిల పక్షాన బహిరంగంగా మాట్లాడిన ఫాతిమా తహ్లియాను ఎంఎస్‌ఎఫ్ జాతీయ ఉపాధ్యక్ష పదవి నుంచి తీసేసింది. ఆమె లాయరు, హరితకు మొదటి రాష్ట్ర అధ్యక్షురాలు. కొత్త కమిటీని వెంటనే నియమించేశారు. కాలం గడిచాక వాళ్ళలో కొందరికి పార్టీ మళ్ళీ పదవులిచ్చింది.

ఈ కథను ఎంఎస్‌ఎఫ్ వ్యతిరేకులు చెప్పే పద్ధతి ఒకటుంది. ‘చూశారా, ముస్లిం సంఘాల్లో ఆడవాళ్ళ గతి ఇంతే’ అని. నాకు కనిపించేది వేరు. ఇరవైల్లో ఉన్న ముస్లిం అమ్మాయిలు, తలపై ముసుగుతోనే, తమ పార్టీ పెద్దల ముఖం మీద ‘మీరు న్యాయం చేయలేదు, మేం కమిషన్‌కు వెళ్తున్నాం’ అన్నారు. ఆ మాట అనగలిగే చదువు, ధైర్యం వాళ్ళకు ఆ సంఘంలోనే వచ్చాయి. పార్టీ తట్టుకోలేకపోయింది. మైనారిటీకి ప్రాతినిధ్యం కావాలని అసెంబ్లీలో గొంతెత్తే పార్టీ, తనలో ఉన్న అమ్మాయిల గొంతు దగ్గరికి వచ్చేసరికి కుటుంబ పెద్దలాగా ‘ఇంట్లో మాట బయటికెందుకు’ అంది. 1996 తర్వాత ఆ పార్టీ ఒక మహిళను అసెంబ్లీకి నిలబెట్టడానికి పాతికేళ్ళు పట్టింది. 2021లో కోళికోడ్ సౌత్‌లో నిలబెట్టారు, ఆమె ఓడిపోయారు.

కాబట్టి చేరే ముందు ఆ సీనియర్ అక్కలను హరిత గురించి సూటిగా అడుగు. జవాబు ఏం చెబుతారన్నది కాదు, ఎలా చెబుతారో చూడు. ముఖం చిన్నబుచ్చుకుని ‘అవి పాత విషయాలు’ అంటే ఒక లెక్క. ‘మేం ఆ అమ్మాయిల వైపే ఉన్నాం, అయినా ఇక్కడే ఉండి కొట్లాడుతున్నాం’ అంటే ఇంకో లెక్క. ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడుగు. మీ యూనిట్ కమిటీలో అమ్మాయిలు ఎంతమంది, నిర్ణయాలు జరిగే మీటింగులో కూర్చుంటారా, లేక పోస్టర్లు రాయడానికేనా? రాత్రి పది గంటలకు అబ్బాయిల హాస్టల్లో మీటింగ్ పెట్టి, మర్నాడు ‘ఇలా అనుకున్నాం’ అని చెబితే అది నిర్ణయంలో భాగం కాదు. మన తెలుగు క్యాంపస్ సంఘాల్లో ఎర్ర జెండా నుంచి కాషాయం దాకా అందరిదీ ఇదే జబ్బు. ఒక్క ముస్లిం సంఘాన్నే వేలెత్తి చూపను.

ఎన్నికల్లో ఈ ఏడాది ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. మన రాష్ట్ర కాలేజీల్లో విద్యార్థి ఎన్నికలు ఆగిపోయి దశాబ్దాలయింది, అందుకే వాటి సంగతి మనవాళ్ళకు పెద్దగా తెలియదు. సెంట్రల్ యూనివర్సిటీలో విద్యార్థి ఎన్నికల మీద వేసిన లింగ్డో కమిటీ నియమాలు వర్తిస్తాయి. 2006లో సుప్రీంకోర్టు అమలు చేయమంది. అభ్యర్థికి 75 శాతం హాజరు ఉండాలి, ఆ ఏడాది సబ్జెక్టులు మిగిలి ఉండకూడదు, క్రమశిక్షణ చర్య ఏదీ ఉండకూడదు. ఖర్చు 5,000 రూపాయలు దాటకూడదు, పార్టీల డబ్బు వాడకూడదు. కులం, మతం పేరు చెప్పి ఓటడగకూడదు, ప్రార్థనా స్థలాల్లో ప్రచారం చేయకూడదు. చివరి రెండూ నీకు బాగా గుర్తుండాలి. జుమ్మా నమాజు అయ్యాక బయట నిలబడి ఓట్లు అడగమని ఎవరైనా అంటే కుదరదని చెప్పు. ముస్లిం అభ్యర్థి అన్న మాట నీ నోట రానక్కర్లేదు, నీ పేరే చెబుతుంది. మెస్ గురించి, లైబ్రరీ గంటల గురించి, రాత్రి షటిల్ బస్సు గురించి మాట్లాడు.

మొదటి ఏడాది క్యాంపస్ ఇంకా అర్థం కాదు. ఇప్పుడు నిలబడితే తెలుగు ఓట్లు తెచ్చిపెట్టే తెలుగు ముఖంగానే నిలబడతావు. ఈ ఏడాదంతా వాళ్ళ హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చో. కొత్త బ్యాచ్ వచ్చినప్పుడు ‘ఎస్‌.కె.’ గొడవతో వచ్చే పిల్లలకు అఫిడవిట్ ఎలా రాయాలో చెప్పు. ముస్లిం కాని పిల్ల అదే సమస్యతో వస్తే ఆమెకూ చెప్పు. వచ్చే ఏడాదికి నిన్ను వంద మందైనా పేరు పెట్టి పిలుస్తారు. అప్పుడు నిలబడాలా వద్దా అన్నది నీకే తెలుస్తుంది.

చివరగా ఉద్యోగం గురించి. చట్టబద్ధమైన విద్యార్థి సంఘంలో సభ్యత్వం ఉంటే గవర్నమెంట్ ఉద్యోగం రాదన్నది ఉత్త మాట. వెరిఫికేషన్ ఫారంలో అరెస్టులు, కేసులు, శిక్షల గురించి అడుగుతారు. ధర్నాలో నీ పేరు మీద ఏదైనా కేసు నమోదైతే దాచకుండా రాయాలి, చిన్న కేసు కంటే దాచిపెట్టడమే పెద్ద చిక్కు. అందుకని అనుమతి ఉన్న ధర్నాకే వెళ్ళు, పేరు రాసుకుంటున్నారంటే ఏ సెక్షన్ కింద రాశారో అడిగి తెలుసుకో. ఉద్యోగంలో చేరాక మాత్రం సర్వీసు నియమాల ప్రకారం ఏ పార్టీలోనూ, దాని అనుబంధ సంఘాల్లోనూ ఉండకూడదు. అపాయింట్‌మెంట్ ఆర్డర్ చేతికి వచ్చిన వారంలో రాజీనామా రాసి ఇవ్వు, అందినట్టు సంతకం పెట్టించుకుని ఒక కాపీ సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టుకో. ఆ రాజీనామా మీద పేరు మాత్రం ఆధార్‌లో ఉన్నట్టే రాయి.